పేరు పెట్టని మడుగు

మా అక్క కొడుకు శ్రీకాంత్ సెలవు మీద వచ్చి, మా ఇంట్లో కడుపునిండా తిని, చెయ్యి తుడుచుకుంటూ ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. వాడు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కంపెనీ వాళ్ళు ఒక సెలవు రోజు అందరినీ పడవ మీద చేపల వేటకు తీసుకెళ్ళారట. ఫోటోలో వాడు నల్లద్దాలు పెట్టుకుని, జానెడు చేప బారెడు కనపడేలా చెయ్యి ముందుకు చాపి నిలబడ్డాడు. నేను చేపను చూడలేదు, వాణ్ణీ చూడలేదు. వాడి వెనక నీళ్ళు వంపు తిరిగిన చోటు చూశాను. ఎడమ పక్క ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్లు, వాటిలో ఒకటి నీళ్ళ మీదికి ఒరిగి పడుకుంది. దాని మొదట్లో ఒక సన్నటి కాలువ వచ్చి కలుస్తోంది.

"ఇది ఉమ్మల్ కువైన్ ఖోర్ గదరా," అన్నాను.

"అవు మామా. నీకెట్ల తెల్సు? నువ్వు చేసింది అల్ ఐన్ల ఖర్జూరం తోట పని గదా."

అప్పట్లో వాడింకా నిక్కరు జారకుండా పట్టుకుని తిరిగేవాడు, వాడికేం తెలుస్తుంది. "తోటల చేసిన. తర్వాత ఈ ఖోర్ల పడవ మీద చేసిన. గెస్టులను చేపలకు తీస్కపోయేటోన్ని. ఈ వంపుకు ఏమన్న పేరుందారా? పడవాయన ఏమన్న అన్నడా?"

"నేనేడ విన్న మామా, సగం సేపు ఫోటోలే దిగిన. ఆయన నంబరున్నది, అడుగుమంటవా?"

అడగమన్నాను. వాడు అక్కడికక్కడే వాయిస్ మెసేజ్ పెట్టి, ఇంకో చుట్టం ఇంటికి బయల్దేరాడు. జవాబు రాలేదు. "ఎక్కడ్నో ఎడారి దేశంల ఒక వంపుకు పేరుంటేంది, లేకుంటేంది," అంది మా ఆవిడ, గిన్నెలు సర్దుతూ. ఆమె అన్నది సబబుగానే ఉంది కానీ నాకు కుదురు లేకుండా పోయింది. జవాబు వచ్చేలోగా ఇది రాస్తూ కూర్చున్నాను.

మేం గంగపుత్రులం. గోదావరిని మా వైపు గోదావరి అనరు, గంగ అంటారు. మా ఊరి రేవు నుంచి పై ఊరి రేవు దాకా గంగలో ఉన్న మడుగులన్నిటికీ పేర్లుండేవి, అన్నీ మనుషుల పేర్లే. ఏ మడుగులో చేప జాడ ఎవరికి మొదట దొరికితే ఆ మడుగు వాళ్ళ పేరున పడేది. ఏటా వరద తగ్గాక అందులో మొదటి వల ఆ ఇంటివాళ్ళదే. మాది పోశన్న మడుగు. పోశన్న మా నాయినకు తాత. ఆయన పొడుగో పొట్టో చెప్పగలిగినవాళ్ళు కూడా మా ఇంట్లో మిగల్లేదు. చిన్నప్పుడు పోశన్న అంటే ఒక మనిషని నాకు తెలియనే తెలియదు. "పోశన్నకు పోతున్న" అని నాయిన వల భుజాన వేసుకుంటే నీళ్ళ దగ్గరికి పోతున్నాడని అర్థం, అంతే. ఒక కట్టుబాటు మాత్రం అందరికీ తెలుసు. మడుగుకు ఎవరూ తమ పేరు తాము పెట్టుకోకూడదు. వేళాకోళానికైనా అనకూడదు. అంటే గంగ నవ్వుతుందనేవాళ్ళు. పదిమంది వాళ్ళంతట వాళ్ళు పిలవాలి, అప్పుడే అది పేరు.

నాయిన వేటకు పోయే పద్ధతి ఇప్పటికీ నా ముక్కుకు తగులుతుంది. నైలాను వలలు వచ్చి ఊరంతా వాటికి మారినా, ఆయన ఒక నూలు వలను మాత్రం విడిచిపెట్టలేదు. తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో దాన్ని నానబెట్టి, దండెం మీద ఆరేసేవాడు. ఆ వగరు వాసన, దాని కింద చుట్ట వాసన, ఆ రెండూ కలిస్తే మా ఇల్లు. ఇంట్లోంచి బయల్దేరాక గంగ దాకా ఎవరితోనూ మాట్లాడడు, ఎదురొచ్చి పలకరించినా తల ఊపడమే. నీళ్ళ దగ్గర కూర్చుని దోసెడు నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఊసి, కాసేపు ఊరుకునేవాడు. ఎగువ వాన పడిందో లేదో ఆ ఊరుకోవడంలో తేల్చుకునేవాడు. ఏడాదికోసారి, తొలివానలకు వాగుల నుంచి కొత్తనీళ్ళు దిగినప్పుడు మాత్రం ఆయనకు ఈ నిదానం ఉండేది కాదు. గంగలో చేపలు ఆ కొత్తనీటి వాసనకు వెర్రెత్తినట్టు వాగుల్లోకి ఎదురెక్కేవి. మా వాడంతా బుట్టలు పట్టుకుని పరిగెత్తేది, నాయిన అందరికంటే ముందు. ఆ నీళ్ళ వాసన పట్టడం నాకు ఆయన పరుగు వల్లే వచ్చింది. నాకు చేపల పని వచ్చు. ఇది గొప్పకు చెప్పడం కాదని అనను, గొప్పకే చెబుతున్నాను.

అలాంటివాణ్ణి తీసుకెళ్ళి ఇసుకలో నాటారు. దుబాయ్‌లో ఎటు చూసినా క్రేన్లే కనిపించే రోజులవి. మా ఊరి కుర్రాళ్ళంతా అల్ కుసైస్ క్యాంపుల్లో ఉండి బిల్డింగులు కడుతుంటే, నాకు ఏజెంటు రాసిపెట్టింది అల్ ఐన్‌లో ఖర్జూరపు తోట. నాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, పేరు అబూ ఖల్ఫాన్, మేం అర్బాబ్ అనేవాళ్ళం. చెట్లకు నీళ్ళు పెట్టడం, మట్టలు కొట్టడం, గెలలకు సంచులు కట్టడం నా పని. ఆ తోటలోకి ఫలజ్ అనే రాతి కాలువలో నీళ్ళు వచ్చేవి. అందులో చిటికెన వేలంత చేపలు తిరిగేవి. మధ్యాహ్నం పూట ఆ కాలువలో చెయ్యి పెట్టి కూర్చునేవాణ్ణి, అవి వచ్చి వేళ్ళు కొరికేవి. రెండేళ్ళు నాకు అదే గంగ. ఏడ్చేవాణ్ణి కాదు కానీ, నీళ్ళ దగ్గరి మనిషికి నీళ్ళు కొలిచి పెట్టే పని ఇచ్చిన ఆ ఏజెంటును రోజుకోసారి తిట్టుకునేవాణ్ణి.

అర్బాబ్ ఇల్లు ఉమ్మల్ కువైన్‌లో ఖోర్ ఒడ్డున ఉంది. ఖోర్ అంటే సముద్రం భూమిలోకి పాయలు పాయలుగా చొచ్చుకొచ్చిన నీరు, రెండు పక్కలా మడచెట్లు. చూడ్డానికి అచ్చం నదిలాగే ఉంటుంది. ఒకరోజు ఆయన ఖర్జూరాల కోసం తోటకు వచ్చినప్పుడు పికప్ వెనక చిరిగిన వల పడి ఉంది. ఆయన నీడన కూర్చుని కాఫీ తాగేలోపల నేను దాని చిరుగులు అల్లేశాను. ఎవరూ చెప్పలేదు, చేతులు ఊరుకోలేదు, అంతే. అర్బాబ్ వచ్చి ముడులు ఒక్కొక్కటీ లాగి చూశాడు. "తుమ్ మచ్ఛీవాలా?" అన్నాడు. అవునన్నాను. "యల్లా, గాడీ మే బైఠో," అన్నాడు. నా చెప్పులు తోటలోనే ఉండిపోయాయి.

ఆ ఇంట్లో వాసనలు వేరు. పొద్దున్నే యాలకుల కాఫీ, ఎండెక్కేసరికి డీజిలు, సాయంత్రం ఊదు పొగ. అర్బాబ్ తల్లిని అందరం ఉమ్మీ అనేవాళ్ళం. ముఖానికి తోలులా కనిపించే పాతకాలపు ముసుగు, చేతిలో ఫింజాన్ అనే చిన్న కాఫీ కప్పుతో గేటు పక్క చాప మీద కూర్చునేది. ఎవరు లోపలికి వచ్చినా, బయటికి పోయినా ఒకటే ప్రశ్న: "పానీ కిధర్?" నీళ్ళు ఎక్కడున్నాయి అని. మనం తిన్నావా అన్నట్టు ఆ ఇంట్లో అది పలకరింపు. ఎక్కుతున్నాయనో, దిగుతున్నాయనో, సగంలో ఉన్నాయనో చెప్పి పోవాలి. నేను మొదట్లో చెయ్యి చాపి ఖోర్ వైపు చూపించేవాణ్ణి. నీళ్ళు ఎక్కడుంటాయి, నీళ్ళ దగ్గరే ఉంటాయి కదా. ఆమె ముసుగు వెనక నవ్వేది. ఆ ప్రశ్నను నేను ముసలామె చాదస్తం అనుకున్నాను.

అర్బాబ్‌కు రెండు పడవలు. ఒకటి వేటకు, రెండోది చలికాలం సీజన్లో గెస్టుల కోసం. దుబాయ్‌లో పెద్ద ఉద్యోగాలు చేసే తెల్లవాళ్ళు శుక్రవారం పూట వచ్చి, గాలాలు వేసి, సరదా తీర్చుకుని పోయేవాళ్ళు. వాళ్ళను తిప్పే గైడు ఆ ఏడు పని మానేసి వెళ్ళిపోయాడు. కొన్ని వారాలు అర్బాబ్ తన పక్కన కూర్చోబెట్టుకుని నాకు మోటారు నేర్పాడు. లంగరు, తాళ్ళు మాత్రం తనే చూసుకునేవాడు, నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. ఆ తర్వాత ఒక సాయంత్రం షరతు చెప్పాడు. సీజన్ అంతా పడవ నాదే. వచ్చిన గెస్టు మళ్ళీ వస్తే నేను ఇక్కడే ఉంటాను. రాకపోతే ఖలాస్, అల్ ఐన్, ఖర్జూరాలు. నేను సరేనన్నాను. లోపల మాత్రం ఒక్కటే అనుకున్నాను, ఈ నీళ్ళు వదిలి ఆ ఇసుకలోకి మళ్ళీ పోయేది లేదని.

మొదటి గెస్టు డంకన్. స్కాట్లాండ్ మనిషి, గల్ఫ్‌లో ముసలివాడైపోయిన ఇంజనీరు, మన క్యాంపు హిందీ నాకంటే బాగా మాట్లాడేవాడు. వాళ్ళ ఊళ్ళో నది ఉందట. సముద్రంలో పెరిగిన సాల్మన్ అనే చేప గుడ్లు పెట్టడానికి ఆ నదిలోకి ఎదురెక్కుతుందట. ఆ నది మీద నా పని చేసేవాణ్ణి గిల్లీ అంటారట. నాకు గిల్లీదండా, అదే గోటీబిళ్ళ, గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఆయన చేపల విషయంలో నవ్వే మనిషి కాదు.

పొద్దున బయల్దేరేటప్పుడు ఉమ్మీ అడిగింది, పానీ కిధర్ అని. నిండుగా ఉన్నాయి కనుక నిండుగా ఉన్నాయని చెప్పి, సరైన జవాబు ఇచ్చినందుకు సంతోషపడ్డాను. ఖోర్ లోపలికి, మడచెట్ల మధ్యకు తీసుకెళ్ళాను. ఒక వంపు దగ్గర లోతు కనబడింది. అచ్చం మడుగే. గంగలో మంచి మడుగు దొరికితే ఏం చేస్తామో అదే చేశాను. పడవ శబ్దానికి చేప బెదరకుండా, పక్కనే ఉన్న సన్న కాలువలోకి పడవను తోసి, ముక్కును చెట్టు మొదటికి పొట్టి తాడుతో బిగించి కట్టాను. ప్రవాహానికి కొట్టుకుపోకుండా రెండు ముడులు ఎక్కువే వేశాను. మా ఊళ్ళో ఆ కట్టు చూస్తే ఎవరైనా మెచ్చుకునేవాళ్ళు. ఇద్దరం మోకాళ్ళ నీళ్ళలో నడిచి వంపు మొదటికి పోయాం. డంకన్ గాలం విసరడం మొదలుపెట్టాడు. చాలాసేపు విసిరాడు. ఒక్కటీ తగల్లేదు. నేను నీళ్ళ వైపే చూస్తున్నాను, ఏదో తేడా ఉంది, అదేమిటో అంతుపట్టలేదు. కాసేపటికి డంకన్ వెనక్కి తిరిగి, నన్ను పేరుపెట్టి, "ఓదెలు," అన్నాడు నెమ్మదిగా, "హమారా బోట్ దేఖో."

పడవ తాడుకు వేలాడుతోంది. ముక్కు చెట్టుకు, తోక బురదలో. కాలువలో కాలు తడవడానికి కూడా నీళ్ళు లేవు. వాటి స్థానంలో నల్లటి బురద, దాని మీద ఎండ్రకాయలు పెళ్ళివారిలా తిరుగుతున్నాయి. నీళ్ళు వస్తాయి, పోతాయి అని వినడం వేరు, కళ్ళముందు నది లేచి వెళ్ళిపోవడం వేరు. మా గంగ కూడా పోతుంది. కానీ అది ఎండాకాలంలో పోతుంది, పోయేముందు ఒడ్డుకొక గీత గీసి చెప్పి మరీ పోతుంది. పూట తిరగకుండా పోయే నీళ్ళను నేను జన్మలో చూడలేదు. అర్బాబ్ తాళ్ళను నన్నెందుకు ముట్టనివ్వలేదో, ఉమ్మీ గేటు దగ్గర ఏం అడుగుతోందో అప్పుడు తెలిసింది.

జేబులో ఫోన్ ఉంది. ఒక్క ఫోన్ చేస్తే అర్బాబ్ ఇంకో పడవ తెస్తాడు, కానీ నా సంచి కూడా దాంతోపాటే సర్దించి తెస్తాడు. డంకన్ ముఖం కాల్చిన ఇటుక రంగుకు తిరిగింది. మధ్యాహ్నం ఆయన ఎవరింటికో భోజనానికి పోవాలట. "నీళ్ళు ఎప్పుడొస్తాయి?" అన్నాడు. "వస్తాయి సార్," అన్నాను. "ఎప్పుడు?" అన్నాడు మళ్ళీ. "నాకు తెలీదు సార్," అన్నాను. ఆయన ఐసుపెట్టె మీద కూలబడి, టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఫోన్ చెయ్యలేదు. చేతిలో ఉన్న పని ఏదో ఒకటి చెయ్యాలి కనుక సత్తిబాబన్న కట్టిచ్చిన డబ్బా విప్పాను.

సత్తిబాబన్న ఆ ఇంటి వంటమనిషి, కాకినాడ దగ్గరి వాడు. చేపల పులుసు పెట్టాడంటే వీధి వీధంతా తలుపులు తీసుకునేది. డంకన్‌కు మూత నిండా అన్నం, పులుసు పెట్టి ఇచ్చాను. ఆయన ముందు వద్దన్నాడు, తర్వాత తిన్నాడు, తర్వాత కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకాస్త పెట్టమన్నాడు. మడచెట్ల నీడ మా మోకాళ్ళ దాకా కూడా రాలేదు. ఊళ్ళో మసీదు నుంచి జుమ్మా అజాన్ వినిపించింది. ఆ అజాన్ అయిపోయి, అంతా సద్దుమణిగాక, నా ముక్కుకు ఒక వాసన తగిలింది.

అది కొత్తనీళ్ళ వాసన. ఉప్పుగా ఉంది, పచ్చిగా ఉంది, కానీ ఆ వాసనే. చూస్తే కాలువ నోటి దగ్గర సన్నటి నురగ, తాడు మందాన, బురద మీదికి పాకుతోంది. నాకు మా వాడ కనిపించింది, బుట్టలు పట్టుకుని అందరూ పరిగెత్తడం, నాయిన ముందు. గంగలోనైనా, ఖోర్‌లోనైనా, ఎండిన నేల మీదికి కొత్తగా నీళ్ళెక్కుతుంటే వాటి వెంట తిండి వస్తుంది, తిండి వెంట చేప వస్తుంది. పొద్దున నేను లోతులో వెతికాను. చేప అక్కడ ఎందుకుంటుంది, నీళ్ళతో పాటు అదీ దిగిపోయింది. ఇప్పుడది తిరిగొచ్చే తోవ ఇదే, ఈ సన్న కాలువ, పడవ వేలాడుతున్న ఈ చోటే.

"సార్, లెండి. ఇక్కడ నిలబడండి. లోతులో కాదు, నోట్లో వెయ్యండి," అన్నాను. నా గొంతులో ఏముందో గానీ ఆయన మారుమాట లేకుండా లేచాడు. నీళ్ళు చీలమండకు వచ్చాయి, పిక్కకు వచ్చాయి. మొదటిసారి విసరడంతోనే గాలం దిగబడిపోయింది. రీలు కేకవేసింది. నీళ్ళు పగిలి వెండిరేకులాంటి చేప ఒకటి మనిషెత్తు లేచి, పక్కకు పడి, మళ్ళీ లేచింది. ఇంగ్లీషులో దాన్ని క్వీన్ ఫిష్ అంటారు. డంకన్ నోట్లోంచి వాళ్ళ ఊరి మాటలు వస్తున్నాయి, నాకొక్కటీ అర్థం కాలేదు. చేతికొచ్చాక ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "సాల్మన్ జైసా," అన్నాడు. ఆ తర్వాత వచ్చినవాటిని లెక్కపెట్టే తీరిక మాకు లేదు. ఒక్కటి ఉంచి మిగతావన్నీ వదిలేశాడు. పట్టిన చేపను వదలడానికి ఇంత దూరం, ఇంత ఖర్చు ఎందుకో నాకు అప్పటికి అర్థం కాలేదు. కానీ వదిలేటప్పుడు తల నీళ్ళకు ఎదురుగా పెట్టి, అది తనంతట తాను తోక ఆడించేదాకా పట్టుకునే పద్ధతి ఆయన చూపించాడు. అది నాకు నచ్చింది.

పడవ తేలింది. పొద్దు గుంకి మగ్రిబ్ నమాజు వేళకు జెట్టీ చేరేసరికి అర్బాబ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పడవ అడుగున ఆరిన బురద చూశాడు, నా ప్యాంటు చూశాడు, ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. డంకన్ దిగాడు. పడవ ఇరుక్కున్న మాటా ఎత్తలేదు, నన్ను వెనకేసుకురావడమూ చెయ్యలేదు. "నెక్స్ట్ ఫ్రైడే," అన్నాడు అర్బాబ్‌తో. "సేమ్ బోట్, సేమ్ ఆద్మీ. ఔర్ దో దోస్త్." కారెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున అర్బాబ్ జెట్టీ మీద ఒక కుర్చీ వేసి, నన్ను అందులో కూర్చోబెట్టాడు. నీళ్ళు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కేదాకా లేవకూడదు, ఇంకెటూ చూడకూడదు. అదీ శిక్ష. దారినపోయే ప్రతివాడూ ఆగి, నన్ను చూసి, నవ్వుకుని పోయాడు. సత్తిబాబన్న టీ తెచ్చి పక్కన కూలబడ్డాడు. "ఆయ్, మా కాకినాడలో చంటిపిల్లోడికి కూడా తెలుస్తాదయ్యా ఇది. పోటొస్తే ఎక్కుతాయి, పాటొస్తే దిగుతాయి. నీకెవరూ చెప్పలేదా?"

"నాకెవలు చెప్తరన్నా? మా దగ్గర సముద్రమేడిది?"

"మరి చేపలెలా దొరికాయి?"

"చాపలకు సముద్రమేంది, గంగేంది. నీళ్ళకు ఎదురుంటయి."

సత్తిబాబన్న ఖాళీ గ్లాసు అందుకుని, "సరే, ఇవాళ పులుసులోకి నువ్వు చెప్పినంత చింతపండే వేస్తాను," అన్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన బిరుదు లేదు. సాయంత్రం లేచి లోపలికి పోతుంటే ఉమ్మీ ఫింజాన్ దించి అడిగింది, పానీ కిధర్ అని. సగానికి ఎక్కాయి, అజాన్ అయ్యేసరికి కాలువలోకి వస్తాయి అని చెప్పాను. ఆమె ముసుగు వెనక నవ్వలేదు. కాఫీ పోసిచ్చింది.

ఆ వారం నాయినకు ఫోన్ చేశాను. ఊళ్ళో ఎస్టీడీ బూత్‌కు పిలిపిస్తే, ఆయన రిసీవరును చెవికి దూరంగా పట్టుకుని అరిచేవాడు.

"నాయినా, ఈడ నీళ్ళు పొద్దుగాల ఇటు పారుతయి, పొద్దుమీకి అటు పారుతయి," అన్నాను.

"ఆడ గూడ కల్లు దొరుకుతదారా?" అన్నాడు.

"నిజంగనే నాయినా. ఒట్టు."

ఒట్టు అనేసరికి ఆయన అరవడం ఆపాడు. తర్వాత, "మరి చాప ఎటు మొకం పెడ్తది?" అన్నాడు.

"నీళ్ళకెదురే."

"గట్లయితే గది గంగనే తియ్యి." ఆ వెంటనే అడిగాడు, "నీకు దొరికిన జాగకు పేరున్నదా?"

"లేదు నాయినా."

"నువ్వు పెట్టకు. నోరు జారకు."

నేను నోరు జారలేదు. ఆ చలికాలం అంతా ప్రతి శుక్రవారం పడవ నిండేది. డంకన్ స్నేహితులు, వాళ్ళ స్నేహితులు. నీళ్ళు దిగుతున్నంతసేపూ బయటి లోతుల్లో తిప్పి, తిరుగు నీటికి సరిగ్గా ఆ కాలువ నోటికి చేర్చేవాణ్ణి. ఎటు పోతున్నామని ఎవరైనా అడిగితే చేత్తో చూపేవాణ్ణి, అంతే. నాకు ఆశ లేదని చెబితే అబద్ధం. మోటారు ఆపి, వంగిన చెట్టు పక్కన లంగరు పొడుగు తాడుతో దించుతూ, వెనక కూర్చున్నవాళ్ళలో ఎవరైనా ఆ చోటిని నా పేరుతో పిలుస్తారేమోనని చెవులు రిక్కించేవాణ్ణి. "దట్ ప్లేస్" అనేవాళ్ళు, "లాస్ట్ వీక్ ప్లేస్" అనేవాళ్ళు. ఇంకో సంగతి కూడా ఉంది నా ఆశ వెనక. మా ఊరి దిగువన ఆనకట్ట కడతారని అప్పటికే గంగలో రాళ్ళు పాతుతున్నారు. కడితే మా రేవూ, మడుగులన్నీ, పోశన్న కూడా అడుగున పడతాయని నాయిన ఫోన్లో మామూలుగా, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా చెప్పాడు. గంగ మీద మా ఇంటి మనిషి పేరు నిలబడ్డ చోటు అదొక్కటే.

ఎండలు ముదిరి గెస్టులు తగ్గాక అర్బాబ్ నన్ను పిలిచి పడవ తాళంచెవి చేతిలో పెట్టాడు. అల్ ఐన్ మాట మళ్ళీ ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇంకొన్ని సీజన్లు చేశాను. దుబాయ్‌లో క్రేన్లు ఒక్కసారిగా ఆగిపోయిన ఏడు గెస్టులు ఎక్కడివాళ్ళక్కడ వెళ్ళిపోయారు. డంకన్ కూడా తన నది దగ్గరికి పోయాడు. నేను ఇంటికొచ్చాను. ఆ చోటికి అప్పటికీ పేరు లేదు.

ఇప్పుడు మా గంగ నిండుగా ఉంటుంది, ఏడాది పొడుగునా. కళ్ళు చాలనంత నీళ్ళు. రెండు పంటలు పండుతున్నాయి, దాని మీద నాకు ఏడుపు లేదు. ప్రభుత్వం చేపపిల్లల్ని వదులుతుంది, మా సంఘం వాళ్ళం వల వేస్తాం. బొచ్చె చేపలు బలిసి దొరుకుతాయి. కానీ నీళ్ళు ఎటూ పారవు. చేపకు ఎదురుండటానికి ఏమీ లేదు, అది ఎటు తిరిగినా ఒకటే. మా కుర్రాళ్ళు వేటకు పోతూ గేట్ల కాడ, పంపుల కాడ, సెల్ టవర్ సీదా అని చెప్పుకుంటారు. పోశన్న ఎక్కడుందని అడిగితే వాళ్ళకు తెలియదు, నేను కూడా ఉజ్జాయింపుగా వేలు చూపించగలనంతే. నాయిన ఆ నీళ్ళు నిండకముందే పోయాడు. ఒకందుకు మంచిదే అనుకుంటాను, మళ్ళీ అలా అనుకున్నందుకు బాధపడతాను. తుమ్మచెక్క వాసన ఉన్న ఆ నూలు వల మాత్రం నా దగ్గరే ఉంది. దానితో వేట అయ్యే పని కాదు. తడి తగలకుండా పైన పెట్టాను.

ఇంతవరకు రాసేసరికి శ్రీకాంత్ మళ్ళీ వచ్చాడు. "మామా, ఆ పడవాయన మెసేజ్ పెట్టిండు, ఇను," అని ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. బెంగాలీ యాస, వెనక మోటారు చప్పుడు. "వో మోడ్? ఉస్కో ఓదెల్ బోల్తే హై భాయ్. సబ్ లోగ్ ఓదెల్ బోల్తే హై."

శ్రీకాంత్ నా ముఖంలోకి చూస్తున్నాడు. "నీ పేరే గద మామా అని నేను మల్ల అడిగిన, ఓదెల్ అంటె ఎవరు, ఏ దేశపాయన అని. ఇది గూడ ఇను." రెండో మెసేజ్‌లో అతను నవ్వాడు. "ఆద్మీ నై భాయ్. జగా కా నామ్ హై."

మనిషి కాదు, చోటు పేరు. ఫోన్ శ్రీకాంత్ చేతికిచ్చేశాను. అంత సంతోషం నాకు ఈ మధ్యకాలంలో తెలియదు, దాన్ని వాడి ముందు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

"నువ్వేనని చెప్పాల్నా మామా ఆయనకు?" అన్నాడు వాడు.

"చెప్పకు," అన్నాను.

నాయిన ఉంటే ఫోన్ చేసేవాణ్ణి. రిసీవరు చెవికి దూరంగా పట్టుకుని ఆయన అటువైపు అరుస్తుంటే, ఒక్క మాట చెప్పి పెట్టేసేవాణ్ణి. నేను పెట్టలేదు నాయినా, వాళ్ళే పిలుస్తున్నరు.